పురుగుల కొట్టమునకు దక్కిన మర్యాద

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కార్యవర్గమువారు నన్ను ‘గ్రంథాలయము – గ్రామాభ్యుదయము’ అను విషయముపై మాటలాడుమని కోరిరి. ఆ విషయమును గూర్చి చెప్పుటకు నాకంటె అర్హులు ఈ వేదికమీదనే ఉన్నారు. గ్రామాభ్యుదయమును గూర్చి పెద్ద మాటలు చెప్పి, సభ ముగిసిన వెంటనే వసారాలోనికి పోయి బీడీ ముట్టించుకొను అలవాటు మనకు చాలకాలమునుండి ఉన్నది. నేనును అట్లు చేసినవాడనే. కావున ఈ దినము ఆ వసారాను గూర్చియు, ఆ పొగను గూర్చియు మాటలాడుదునని వారిని వేడుకొంటిని. రజతోత్సవమునాడు ఇదేమి ప్రసంగమని ఒక మిత్రుడు నొచ్చుకొనెను. అప్పుడు ఆయన జేబులో బీడీకట్ట ఉన్నది. ఆయన ఇప్పుడు మూడవ వరుసలో కూర్చుండి నవ్వుచున్నాడు.

మొదట నా సంగతి చెప్పుకొనుట న్యాయము. నేను బడిపంతులును. 22 సంవత్సరములు బీడీ త్రాగితిని. పిల్లలకు ఆరోగ్యసూత్రముల పాఠము చెప్పి, గంట కొట్టగానే బడి వెనుకనున్న కానుగచెట్టు చాటునకు పోయెడివాడను. పిల్లలకు తెలియదనుకొంటిని. ఒకనాటి మధ్యాహ్నము నాలుగవ తరగతి పిల్లవాడొకడు సుద్దముక్కను పెదవుల నడుమ పెట్టుకొని, కన్నులు సగము మూసి, గాలిని మెల్లగా వదలుచు నన్ను అభినయించుచుండగా కిటికీలోనుండి చూచితిని. తరగతి యంతయు నవ్వుచుండెను. నేనును నవ్వితిని గాని, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బీడీ త్రాగువారిని తిట్టుట సులభము. మన సీమలో అది ఎట్లు వేరుపట్టినదో తెలిసినవాడు తిట్టజాలడు. ఈ గ్రంథాలయము పుట్టిననాడు మనది అనంతపురము జిల్లా. 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా మారినది గాని వాన మారలేదు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురియు నేల ఇది. ఆ కొద్ది వానయు వేరుసెనగ ఊడలు దిగు వేళకు వచ్చునన్న నమ్మకము లేదు. తెల్లవారుజామున గుంటక కట్టినవాడు ప్రొద్దు నడినెత్తికి వచ్చువరకు సంగటిముద్ద ఎరుగడు. పొగాకులోని నికోటిను ఆకలిని కొంతసేపు అణచును. శాస్త్రము చెప్పకముందే ఈ సంగతి మన కూలివానికి తెలియును. కొంచెము విశ్రాంతి కావలెనన్నను బీడీయే సాకు. చెట్టుక్రింద ఊరక కూర్చున్నవానిని మేస్త్రీ అదలించును. బీడీ ముట్టించినవానిని అదలింపడు. కాలమునకు కొలతయు అదియే. “ఎంతసేపు పడతాదప్పా?” అని అడిగినచో “రెండు బీడీలు తాగేంత సేపు” అందుము. ఎరుగని మనిషితో మాట కలుపవలెనన్నను అగ్గిపెట్టె అడుగుటతోనే మొదలు. బీడీ ఇచ్చుట మర్యాద, వలదనుట అమర్యాద. ఇన్ని పనులు చేసిపెట్టు వస్తువును ఒక ఉపన్యాసముతో వదలుమనుట అవివేకము.

తల్లులు కొందరు మగవారివైపు చూచి నవ్వుచున్నారు. ఆకువక్కలో పొగాకు తునుక పెట్టుకొనుటయు, ముక్కుపొడితో పండ్లు తోముకొనుటయు ఈ కోవలోనివే. అందు పొగ రాదు గనుక ప్రక్కవానికి హాని లేదు. నోటికి మాత్రము కలదు.

ఇక మన కొత్తచెరువు వారికి ప్రత్యేకముగా చెప్పవలసిన సంగతికి వచ్చుచున్నాను. మీలో చాలమంది పట్టుపురుగులు పెంచినవారే. మేమును సుమారు ముప్పది సంవత్సరముల క్రిందట బోరు వేయించి, ఎకరములోపున మల్బరీ పెట్టితిమి. ప్రత్యేకముగా కొట్టము కట్టు స్తోమత లేదు. మా యింటికి రెండే గదులు. గాలి వెలుతురులు గల ముందరి గదిని పురుగులకు విడిచి, మేము నలుగురము వెనుకటి గదిలోనికి మారితిమి. తట్టలు, చంద్రికలు, సున్నపు పొడి, మందునీళ్ళు — అంతయు నియమము ప్రకారము. పట్టుపరిశ్రమ శాఖ ఉద్యోగి ఒకరు వచ్చి చూచి, మొట్టమొదట అడిగిన ప్రశ్న నన్నే: “మాస్టారూ, మీరు బీడీ తాగుతారా?” తాగుదునంటిని. “ఐతే ఈ గదిలోకి బీడీతో రావద్దు. తాగినాక చెయ్యి కడుక్కోకుండా ఆకు ముట్టవద్దు. మల్బరీ తోటను పొగాకు చేనుకు దగ్గరగా పెట్టవద్దు” అని ఆయన గట్టిగా చెప్పెను. నికోటిను సోకిన పురుగు మేత మానును, తలయెత్తి అట్లే నిలిచిపోవును, కక్కును, చచ్చును. నాలుగు వారముల కష్టము ఒక్క పూటలో పోవును.

ఆ మాట మాకు వేదవాక్కైనది. బంధువులు వచ్చినను, ఊరి పెద్దలు వచ్చినను, “బీడీ ఆర్పేసి రాండి, పురుగులుండాయి” అని వాకిటనే నిలిపెడివారము. ఒక్కరును కోపగించుకొనలేదు. మూడవ జ్వరము దాటి పురుగు ఆకును ఆబగా తిను దినములలో నేను పెరటి తలుపును సైతము మూసెడివాడను. గాలి ఇటు తిరిగిన పొగ ముందరి గదికి పోవునని భయము.

ఆ తలుపు మూసి నేను బీడీ త్రాగినది ఎక్కడ? వెనుకటి గదిలో. భార్యయు, ఇద్దరు బిడ్డలును పండుకొను గదిలో.

మా రెండవ బిడ్డకు అప్పటికి మూడేండ్లు. చలికాలమంతయు దగ్గు, రాత్రులయందు రొమ్ములో పిల్లికూతలు. అనంతపురము తీసికొనిపోయి పిల్లల వైద్యునకు చూపితిమి. ఆయన బిడ్డ వీపుమీద గొట్టము పెట్టి విని, తల యెత్తకయే “ఇంట్లో బీడీ ఎవరు తాగుతారు?” అని ప్రశ్నించెను. నేను మాటలాడలేదు. మా యింటావిడ బదులు చెప్పెను: “పురుగుల కాడ తాగరు సార్. మా కాడనే తాగుతారు.”

ఆమె నన్ను ఎత్తిపొడువ లేదు. ఉన్నమాట చెప్పినది. అంతకుమించిన తీర్పు నా జీవితములో మరి యెవరును నాకు చెప్పలేదు. ఆ బిడ్డ పెద్దదై ఉద్యోగము చేసికొనుచున్నది. నేటికిని ఆమె సంచిలో పీల్చుమందు ఉండును. దానికి నా బీడీయే కారణమని వైద్యులు చెప్పలేదు, కాదనియు చెప్పలేదు.

పురుగు వేరు, మనిషి వేరు అని విద్యార్థులు ఆక్షేపింపవచ్చును. నిజమే. పురుగును చంపునది నికోటిను విషము. ప్రక్కనున్న బిడ్డను బాధించునది పొగలోని సన్నని నుసి, తారు, బొగ్గువాయువు మొదలైనవన్నియు కలిసి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనములున్నవనియు, వానిలో సుమారు 70 కాన్సరును కలిగించునవనియు శాస్త్రజ్ఞులు లెక్క తేల్చిరి. పురుగు వెంటనే చచ్చును గనుక మనకు భయము. మనిషి మెల్లగా క్రుంగును గనుక మనకు ధైర్యము. భేదము అంతమాత్రమే.

ప్రక్కవాని పొగను పీల్చుటకు ఇప్పుడు ‘పరోక్ష ధూమపానము’ అని పేరు పెట్టినారు. త్రాగువానికి కలుగు హానిని 1950 లో ఇంగ్లండులో డాల్, హిల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కాన్సరు విషయమున చూపిరి. ప్రక్కవారి సంగతి తేలుటకు మరి ముప్పది యేండ్లు పట్టెను. జపానులో హిరయామ అను ఆయన పొగ త్రాగని 91,540 మంది గృహిణులను పదునాలుగేండ్లు గమనించి, భర్త త్రాగిన కొలది భార్యకు ఊపిరితిత్తుల కాన్సరు ఎక్కువగుచున్నదని 1981 లో ప్రకటించెను. పొగాకు వ్యాపారులు ఆయన లెక్క తప్పనిరి. తరువాత పలు దేశములలో జరిగిన పరిశోధనలు ఆయననే సమర్థించినవి. పొగత్రాగు వారితో కాపురము చేయువారికి ఊపిరితిత్తుల కాన్సరు ప్రమాదము నూటికి 20 నుండి 30 పాళ్ళు హెచ్చునని నేడు అంగీకరించిన సంగతి; గుండెజబ్బు ప్రమాదమును ఇంచుమించు అంతే. పసిపిల్లలకు చెవిపోటు, ఉబ్బసము, న్యుమోనియా. గర్భిణి పీల్చినచో తక్కువ బరువుతో పుట్టు శిశువు. కిటికీ తెరచినంతమాత్రమున, పంకా త్రిప్పినంతమాత్రమున ఈ పొగ పోదు.

సిగరెట్టుకంటె బీడీ మేలని మనలో ఒక భ్రమ ఉన్నది. బీడీలో పొగాకు తక్కువ, నిజమే. కాని తునికాకులోనుండి గాలి చొరదు. ఆరిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా లాగవలెను. అందుచేత తారును, బొగ్గువాయువును సిగరెట్టుకంటె బీడీయే ఎక్కువగా లోపలికి పంపును. క్షయ సంగతియు వినుడు. తమిళనాడులో చేసిన ఒక పెద్ద పరిశోధన 2003 లో వెలువడినది. క్షయతో చనిపోవుట పొగత్రాగు పురుషులలో, త్రాగనివారికంటె సుమారు నాలుగు రెట్లని అందు తేలినది. ఇంటిలో ఒకనికి క్షయ వచ్చినచో ఆ దగ్గు ఎవరిమీద పడునో మీకు నేను చెప్పనక్కరలేదు.

పూర్వాచారమని వాదించు పెద్దలకు ఒక్క మాట. మనకు దగ్గరనే ఉన్న పెనుకొండ కోటను తలచుకొనుడు. కృష్ణదేవరాయలు ఏలిన 1509–1529 నడుమ ఈ ఆకు మన నేలకు తెలియదు. పోర్చుగీసువారు తెచ్చిన తరువాతనే వ్యాపించినది. 1617 లోనే జహంగీరు చక్రవర్తి దీనిని నిషేధించుచు ఆజ్ఞ ఇచ్చెను, ఎవరును వినలేదు. 1897 లో అచ్చయిన ‘కన్యాశుల్కము’లో గిరీశమునకు చుట్ట లేనిది పొద్దుపోదు. ఆజ్ఞకు లొంగని అలవాటు ఇది అని దీనినిబట్టి తెలియుచున్నది.

మరి దేనికి లొంగును? దీనికి జవాబు మన తెలుగు నేలలోనే మరియొక కొసనున్న శ్రీకాకుళము జిల్లాలో దొరకినది. ఆ తీరపు పల్లెలలో ‘అడ్డపొగ’ అను అలవాటు గలదు. చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చుదురు. ముఖ్యముగా స్త్రీలు. తల్లి నుండి కూతురు నేర్చుకొనును. నిప్పు వేడికి అంగిలి కాలి, పుండై, కొందరికి కాన్సరగును. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థకు చెందిన దంతవైద్య పరిశోధకులు డాక్టర్ మెహతా మొదలగువారు, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గుతో కలిసి అక్కడి గ్రామములలో 10,169 మంది నోళ్ళను పరీక్షించి 1971 లో నివేదిక ప్రకటించిరి. లెక్క వ్రాసికొని ఊరకుండలేదు. శ్రీకాకుళము, కేరళములోని ఎర్నాకుళము, గుజరాతులోని భావనగరము — ఈ మూడు జిల్లాల పల్లెలలో పొగాకు వాడు 36,471 మందిని ఎంచుకొని, ఇంటింటికి పోయి, ఒక్కొక్కరితో ముఖాముఖి మాటలాడి, మానుమని నచ్చజెప్పిరి. ప్రచార సాధనములను వాడుకొనిరి. ఏటేట అదే ఇంటికి తిరిగి పోయి, అదే మనిషి నోరు చూచి, “తగ్గించితివా?” అని అడిగిరి. ఐదేండ్లు అట్లు చేసిరి. ఏమియు చెప్పకుండ వదలిన వెనుకటి ఏండ్లతో పోల్చిచూడగా మానినవారు హెచ్చిరి. కాన్సరునకు ముందు నోటిలో ఏర్పడు తెల్లమచ్చలు తగ్గినవి. ఈ ఫలితములు 1986 లో వెలువడినవి.

నన్ను ఆకర్షించినది అక్కడి మందు కాదు, మందేమియు లేదు. మనిషి మనిషి ఇంటికి పోవుట, మరుసటి యేడు మరల పోవుట — అదియే పని. గ్రంథాలయోద్యమము వారికి ఇది క్రొత్త గాదు. 1935 లో కృష్ణా డెల్టా కాలువమీద పడవలో పుస్తకములు పెట్టుకొని ఊరూరికి తీసికొనిపోయినవారు మన పూర్వులు. పాఠకుడు రాడని గొణుగుకొనక పాఠకుని వద్దకే పోయిరి. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాపై తిరుగబడినది గూడ అక్షరాస్యతా తరగతులలో చదివిన పాఠమునుండియే గదా. ఆ ఊరినుండి లేచిన ఉద్యమము వలన 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధము వచ్చినది. అక్షరము ఎక్కడికి పోయి ముట్టుకొనునో ముందుగా చెప్పజాలము.

చట్టము సంగతి టూకీగా చెప్పెదను. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టము బహిరంగ స్థలములలో పొగత్రాగుటను నిషేధించినది. ఆ బహిరంగ స్థలములు ఏవో చెప్పుచు ఆసుపత్రులు, న్యాయస్థానములు, విద్యాలయములతోపాటు గ్రంథాలయములను పేరు పెట్టి చేర్చినది. 2008 అక్టోబరు 2 నుండి అమలునకు వచ్చిన నియమములు దీనికి పదును పెట్టినవి. తప్పు చేసినవానికి 200 రూపాయల వరకు జరిమానా. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు, విద్యాలయమునకు 100 గజముల లోపల అమ్మరాదు. “పో రా, అంగడికి పోయి నాయనకు బీడీకట్ట తీసుకరా” అని బిడ్డను పంపుట అంగడివానిచేత నేరము చేయించుటయే. ఇంతవరకు చట్టము వచ్చును. ఇంటి గడప వద్ద అది ఆగిపోవును. 2016–17 లో జరిగిన జాతీయ సర్వేలో పదునైదేండ్లు దాటిన వారిలో నూటికి 38.7 మంది ఇంటిలోనే ఇతరుల పొగకు గురియగుచున్నట్లు తేలినది. మన రాష్ట్రములో నూటికి 20 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడువారు, 14.2 మంది పొగ త్రాగువారు. ఇంటి లోపలికి ఏ పోలీసును రాడు. రాకూడదు గూడ. పురుగుల కొట్టమునకు మాత్రము ఏ చట్టమున్నది? అయినను అక్కడ ఎవడును బీడీ ముట్టింపడు.

ఇప్పుడు మన వసారా. కొంతకాలము క్రిందట కార్యవర్గమువారు ‘పొగ త్రాగరాదు’ అని బల్ల వ్రాయించి వ్రేలాడదీసిరి. నేనే వ్రాయించితిని. బీడీ మానిన క్రొత్తలో మనిషికి ఒక అహంకారము వచ్చును. అది నాకును వచ్చినది. ఆ వారమునుండి నలుగురు పెద్దలు వార్తాపత్రికకు రావడము మానిరి. వారిలో ఒకాయన ఈ గ్రంథాలయములోని నవలలన్నియు చదివినవాడు. ప్రతి ఉదయము పత్రికను బిగ్గరగా చదివి, చదువురాని పదిమందికి వినిపించెడివాడు. ఆయన రానందున ఆ పదిమందియు రాలేదు. పొగ పోయినది, వెనువెంట పాఠకులును పోయిరి. ఇది విజయమని నేను ఎట్లనుకొందును?

రెండు నెలలు చూచి ఆయన ఇంటికి పోయితిని. “అన్నా, ఎందుకు రావడం లేదు?” అంటిని. ఆయన తడుముకొనకుండ చెప్పెను: “మీ పలక నాతో మాట్లాడిందప్పా, నువ్వు మాట్లాడలేదు. మనిషి వచ్చి చెప్పింటే ఇనకపోదునా?” శ్రీకాకుళమువారు పుస్తకములో వ్రాసినది ఈయన ఒక్క మాటలో చెప్పెను. నేను తప్పు ఒప్పుకొంటిని. మరునాడు వసారాకు దూరముగా వేపచెట్టుక్రింద రెండు బండలు వేయించితిమి. బీడీ అక్కడ, చదువు ఇక్కడ. ఆయన మరల వచ్చెను. పత్రిక చదువుచు నడుమ లేచి చెట్టుక్రిందికి పోవుట కష్టమై, పోను పోను ఉదయమున నాలుగు బీడీలు ఒకటికి దిగినవని ఆయనే చెప్పును. ఆయన మానలేదు. ఇంటిలో మాత్రము త్రాగుట లేదు.

మానదలచినవారికి నా అనుభవము పనికివచ్చునేమో. నేను రెండుసార్లు మాని రెండుసార్లు ఓడిపోయితిని, మూడవసారి నిలిచితిని. మొదటి మూడు నాలుగు దినములు చాల కష్టము. తల బరువు, ఒళ్ళంత చిరాకు, ఎవరిని చూచినను కోపము. కాని కోరిక పుట్టినప్పుడు నాలుగైదు నిమిషములు ఓర్చుకొనినచో అది తగ్గిపోవుట నేను గమనించితిని. ఆ నాలుగు నిమిషములకు జేబులో వేయించిన చెనక్కాయలు పెట్టుకొనెడివాడను. ఒంటరిగా చేతకానివారికి 1800 112 356 అను జాతీయ దూరవాణి సంఖ్య ఉన్నది, డబ్బు అక్కరలేదు. పత్రికల బల్లమీద దానిని పెద్ద అక్షరములతో వ్రాయించితిమి. ప్రకాశము జిల్లా పొగాకు రైతులు, తెలంగాణములో బీడీలు చుట్టి బ్రదుకు ఆడవారు ఏమి కావలెనని ఒక విద్యార్థి మొన్న నన్ను అడిగెను. మంచి ప్రశ్న. వారికి వేరు పంట, వేరు పని చూపవలసిన బాధ్యత ప్రభుత్వముది. వారి కూలికోసము మన బిడ్డ పొగ పీల్చవలెననుట మాత్రము న్యాయము గాదు.

నేను మిమ్ము కోరునది చిన్నది. మానుమని ఈ దినము ఎవరిని అడుగుట లేదు. పసిబిడ్డ, గర్భిణి, దగ్గువాడు ఉన్న కప్పు క్రింద ముట్టింపకుడు. పెండ్లిండ్లలో తాంబూలపు పళ్ళెము ప్రక్కన సిగరెట్ల పళ్ళెము పెట్టుట ఆపుడు. అంగడికి బిడ్డను పంపకుడు. ఎవరైన మీ ఇంటికి బీడీతో వచ్చినచో, పురుగులున్న కాలమున ఏ గొంతుతో చెప్పుదురో ఆ గొంతుతోనే చెప్పుడు. దానికి ఎవరును కోపగించుకొనరు, నేను చూచితిని.

రేపు ఉదయము ఏడు గంటలకు గ్రంథాలయపు యువకులు ఆరుగురు, నేను, పత్రిక చదువు పెద్దాయన కలిసి మొదటి వీధినుండి ఇంటింటికి బయలుదేరుచున్నాము. పెద్దాయన వేపచెట్టు వద్ద తన పని ముగించుకొని వత్తుననెను. లెక్క వ్రాసికొనుటకు కార్యవర్గమువారు నోటుపుస్తకము ఇచ్చిరి. వచ్చే యేడు ఇదే పుస్తకము పట్టుకొని అవే ఇండ్లకు మరల పోవుదుము. మొదటి పుటలో మా ఇల్లే వ్రాసితిని. మల్బరీ తోట ఎండి చాలకాలమైనది. బోరులో నీరు లేదు. గాలి వెలుతురులు గల ఆ ముందరి గదిలో ఇప్పుడు మా మనుమరాలు నిద్రించును.